అత్తగారి చేతిలో నల్లరాయి

మిక్సీకి మనుషుల సంగతి బాగా తెలుసు. మనం తీరిగ్గా ఉన్న రోజున బుద్ధిగా తిరుగుతుంది. ఇంటికి చుట్టాలొచ్చిన రోజు చూసుకుని గుర్రుమని ఒక్క మూలుగు మూలిగి, కాలిన వాసన వేసి, కళ్ళు తేలేస్తుంది. బాగుచేసేవాడు "సాయంత్రం రండి" అంటాడు. ఏ సాయంత్రమో మాత్రం చెప్పడు.

రాళ్ళాయన ఇంట్లో ఈ ఘోరం శనివారం పొద్దున జరిగింది. ఆయన చేసేది భూగర్భ శాస్త్రవేత్త ఉద్యోగం. ఆఫీసు నుంచి అందరూ పెన్నులూ కాగితాలూ తెచ్చుకుంటే ఈయన రాళ్ళు తెస్తాడు కాబట్టి వీధిలో ఆ పేరు స్థిరపడింది. ఈసారి తెచ్చింది మూడు కిలోమీటర్ల లోతు నుంచి బోరు వేసి తీసిన షేల్ రాయి. జానెడు పొడవు, నల్లగా, గుండ్రంగా, పట్టుకుంటే పిడికిట్లో ఇమిడేలా ఉంది. శని, ఆదివారాల్లో దాని వర్ణన రాసి, సోమవారం ల్యాబుకి ఇవ్వాలన్నది ఆయన ప్లాను.

ఎప్పుడో సముద్రం అడుగున పేరుకున్న బురద గట్టిపడితే ఈ రాయి అవుతుంది. ఆ బురదలో నాచూ నలుసూ తగినంత కుళ్ళి ఉంటే రాయిలో గ్యాస్ పుడుతుంది. ఆ కుళ్ళిన సరుకు రెండు శాతం దాటితే రెండో బావి తవ్వుతారు. దాటకపోతే రాళ్ళాయన విభాగాన్ని మూసేసి, ఆయన్ని రికార్డు గదికి పంపిస్తారు. ఇరవై ఏళ్ళు రాళ్ళతో గడిపిన మనిషి మిగతా పదేళ్ళూ దుమ్ముతో గడపాలి.

"ముందు మిక్సీ పట్టుకెళ్ళండి," అంది భార్య.

"ఈ రాయి పని చూసుకుని..."

"కోట్ల ఏళ్ళు ఆగిన రాయి గంట ఆగలేదా? అమ్మ వచ్చి రెండ్రోజులైనా కాలేదు, నా పరువు తీయకండి."

రాళ్ళాయన రాయిని పాత పేపరులో చుట్టి వంటింటి గట్టు మీద పెట్టి వెళ్ళాడు. ఆ షాపు నుంచి ఇంకో షాపు, అక్కణ్ణుంచి ఇంకో పని. ఆదివారం రాత పనికి కూర్చునేసరికి ఓపిక లేక, ఫోనులో ఉన్న ఫొటో చూసి వర్ణన కానిచ్చేశాడు. ఈ సంగతి దయచేసి వాళ్ళ ఆఫీసులో చెప్పకండి. సోమవారం పొట్లాన్ని విప్పకుండానే ల్యాబులో ఇచ్చాడు.

గురువారం ఫలితం వచ్చింది. ఆరు పాయింట్ రెండు శాతం!

విభాగం పెద్దసారు ఒంటి చెప్పుతో పరిగెత్తుకొచ్చాడు. "ఏమయ్యా, బంగారు బాతు తెచ్చావు కదయ్యా!" అని కౌగిలించుకున్నాడు. శుక్రవారం పదింటికి డైరెక్టరుగారి మీటింగు ఖాయమైంది. భార్య ఈ వార్త పక్కింటావిడకి చెప్పింది. "అయితే ఇంక సిలిండర్ బుక్ చెయ్యనక్కర్లేదా వదినా, అన్నయ్యగారు పైపు వేయించేస్తారా?" అందావిడ. బావమరిది ఫోను చేసి, బావి పక్కన స్థలాలు చూడ్డానికి బయల్దేరానన్నాడు. ఆ బావి ఏ ఊళ్ళో ఉందో మాత్రం అడగలేదు.

సాయంత్రం రాళ్ళాయన కాఫీ తాగుతుంటే అత్తగారు వచ్చి కూర్చుంది.

"అల్లుడుగారూ, ఆ నల్ల పొత్రం మళ్ళీ ఎప్పుడు తెస్తారు?"

"ఏ పొత్రం అత్తయ్యగారూ?"

"అదే, పేపర్లో చుట్టి తెచ్చారుగా. మిక్సీ పోతుందని ముందుచూపుతో తెచ్చారనుకుని ఎంత మురిసిపోయానో! రెండ్రోజులూ వెల్లుల్లి, పల్లీలు, నువ్వులు, అన్నీ దాంతోనే దంచా. కొత్త రాయి కదా అని ముందు నూనె కూడా పట్టించా."

కాఫీ కొరబోయింది. "నూనా? ఎంత?"

"పొదుపుగానే లెండి. ఓ గరిటెడు."

"కడిగి, మళ్ళీ పేపర్లో చుట్టి ఎక్కడిదక్కడే పెట్టింది కదండీ అమ్మ!" అంది భార్య, అందులో తప్పేముందన్నట్టు.

రాళ్ళాయన తల పట్టుకున్నాడు. ఆ ఆరు శాతంలో సముద్రం నాచెంత, అత్తగారి పల్లీలెంత?

"నోరు మూసుకుని ఊరుకోండి," అని భార్య గొంతు తగ్గించింది. "మీ ఆఫీసులో అందరూ గ్యాస్ కొట్టేవాళ్ళే. మీరొక్కసారి కొడితే కొంపలేం మునగవు."

"నేను కొట్టింది కాదే, మీ అమ్మ దంచింది!"

అయినా ఆయనకి మనసొప్పలేదు. పల్లీల్ని నమ్ముకుని బావి తవ్వించలేడు. శుక్రవారం మీటింగులో లేచి నిలబడి నూనె దగ్గర్నుంచి నువ్వుల దాకా అంతా చెప్పేశాడు. పెద్దసారు కుర్చీలోంచి జారిపోయాడు.

ల్యాబ్ మేడమ్ ఒక్కర్తే నవ్వింది. "అదా! పొట్లం విప్పగానే వెల్లుల్లి వాసన గుప్పుమంది సార్. ఎవరి టిఫిన్ బాక్సో అనుకున్నా. అయినా బోరు నుంచి వచ్చే రాళ్ళకి ఎప్పుడూ నూనె అంటుకునే ఉంటుంది. అందుకే పైపొర గీకేసి, పొడి చేసి, నూనెంతా కడిగేశాకే పరీక్ష చేస్తాం. ఆరు పాయింట్ రెండూ రాయిదే. మీ అత్తగారికి అందులో వాటా లేదు."

పెద్దసారు మళ్ళీ కుర్చీలోకి ఎక్కాడు. అందరూ చప్పట్లు కొట్టారు. డైరెక్టరుగారు మాత్రం కళ్ళజోడు తీశారు.

"ఎన్నాళ్ళు దంచారన్నారు?"

"రెండ్రోజులండీ."

"రాయి పగల్లేదా?"

"చిన్న పెచ్చు కూడా ఊడలేదటండీ," అన్నాడు రాళ్ళాయన, గర్వంగానే.

చప్పట్లు ఆగిపోయాయి.

"గ్యాస్ ఉంటే సరిపోదయ్యా. నీటిని ఒత్తిడితో పంపి రాయిని పగలగొడితేనే అది బయటికొచ్చేది," అన్నారు డైరెక్టరుగారు. "రెండ్రోజులు దంచినా చెక్కుచెదరని రాయిని ఏ పంపు పగలగొడుతుంది? రెండో బావి ఆపండి. దంచినావిడ వివరాలతో బలపరీక్ష ఫారం నింపి సోమవారం పదింటికల్లా పంపండి. మీ విభాగం సంగతి అది చూశాక తేలుస్తా."

బయటికి రాగానే పెద్దసారు చెయ్యి పట్టుకున్నాడు. "మీ అత్తగారు మెల్లగా దంచారని, అందుకే రాయి పగల్లేదని రాసెయ్యి నాయనా. నీ కాళ్ళు పట్టుకుంటా. విభాగం బతుకుతుంది."

మనిషన్నాక ఆశ ఉంటుంది. రాళ్ళాయన ఇంటికొచ్చి ఆ మాట అత్తగారి చెవిన వేశాడు.

"నేను మెల్లగా దంచడమా!" అత్తగారు లేచి నిలబడింది. "కింది వాటావాళ్ళు పైకొచ్చి తలుపు కొట్టారు, అడగండి! నలభై ఏళ్ళ చెయ్యి ఇది. అలా రాస్తే ఈ గడప మళ్ళీ తొక్కను!"

"అలా రాస్తే నేనూ అమ్మతోనే వెళ్తా," అంది భార్య.

ఇదీ పరిస్థితి. ఫారంలో 'దెబ్బ తీవ్రత' అని ఒక వరస ఉంది. అందులో 'మెల్లగా', 'గట్టిగా' అని రెండే గళ్ళు. మొదటి దాంట్లో టిక్కు పెడితే కాపురం గోవిందా, రెండో దాంట్లో పెడితే ఉద్యోగం గోవిందా. ఇవాళ ఆదివారం. అనుభవమున్న పాఠకులు ఎవరైనా సరే, ఎక్కడ టిక్కు పెట్టాలో రాళ్ళాయనకి కాస్త చెప్పి పుణ్యం కట్టుకోండి. పెన్సిలుతో నింపిన ఫారాలు తీసుకోరట.