చల్లని పెట్టెలో బక్కయ్య కేకు

ఆ శనివారం పొద్దున రుతుజ అనుకున్నది చిన్న పనే. పదకొండుకు కేకు ఓవెన్‌లోంచి తీయాలి, ఒంటిగంటకల్లా క్రీము పూయాలి, ఐదింటికి పై అంతస్తు శైలేష్‌కు అందించాలి. శైలేష్ తండ్రి బక్కయ్యకు ఆ రోజుతో డెబ్బై ఐదేళ్లు. ముసలాయనకు తెలియనివ్వకూడదని పొద్దున్నే వర్లిలో చెల్లెలింటికి పంపేసి, శైలేష్ ఆఫీసుకు పోయాడు.

కానీ అది మే నెల. కామాఠిపురాలో ఇరుకు గదుల చాల్, అందులో గాలి దూరని కింది గది. అంతకుముందు రెండు కేకుల మీది క్రీము గులాబీలు ఈ ఉక్కకే జారి పళ్లెంలో కూర్చున్నాయి. మూడోదీ కారితే ఓవెన్ తీసేసి ఆ జాగాలో కుట్టు మిషన్ పెడతానని తల్లి సీమా తేల్చి చెప్పింది.

ఒంటిగంటకు మొదటి గులాబీ మెడ వాల్చింది. రెండంతస్తుల కేకు, ఇంట్లో ఫ్రిజ్‌లో పట్టదు.

"ఆజీ, ఇది గూడ పాయె," అంది రుతుజ.

నాయనమ్మ గంగవ్వ గుమ్మం వైపు చూసింది. తెలుగు సమాజం వాళ్ల ఫ్రీజర్ బాక్సు అక్కడే ఉంటుంది. ఎవరైనా పోతే, ఊరినుంచి బంధువులు దిగేదాకా పడుకోబెట్టే అద్దాల పెట్టె. తాళంచెవి గంగవ్వ కొంగుకే ఉంటుంది.

"రెండు నెలలాయె, ఖాళీగున్నది. మనిషినే ఆపుతది, క్రీమునాపదా?"

"ఛీ, ఆజీ."

ఇంకో గులాబీ వాలింది.

"మంచిగ కడుగు," అంది రుతుజ.

గంగవ్వ సబ్బు నీళ్లతో రెండుసార్లు కడిగింది. కేకు లోపల పెట్టి, కేకు మీది పేరు ఎవరి కంటా పడకుండా పెట్టె మీద తెల్ల ధోవతి కప్పింది. రుతుజ కొవ్వొత్తుల కోసం గ్రాంట్ రోడ్ వెళ్లింది.

బకెట్‌తో వచ్చిన పక్కింటి రత్నాబాయి పెట్టె గుర్రుమనడం విని ఆగిపోయింది.

"ఎవలత్తా?"

"శైలేష్ చెప్పద్దన్నడు. ఐదింటికి అందరికెరుకైతది," అంది గంగవ్వ, కేకు గుట్టు దాస్తూ.

రత్నాబాయి పైకి చూసింది. గ్యాలరీలో బక్కయ్య కుర్చీ ఖాళీగా ఉంది. బకెట్ అక్కడే వదిలి ఫోన్ అందుకుంది. శైలేష్ ఎత్తలేదు. పాపం, ఎత్తే స్థితిలో ఉండడనుకుని దాదర్‌లో, వర్లిలో తెలిసినవాళ్లకు చేసింది.

గంగవ్వ కునుకు తీసి లేచేసరికి గుమ్మంలో డప్పులు, దండలు, ఏడ్చే ఆడవాళ్లు.

"ఎవలు పోయిండ్రే?"

"బక్కయ్యనే గదా, అత్తా," అంది రత్నాబాయి.

గంగవ్వ, పొద్దున వర్లి పోయినవాడు అక్కడే పోయాడనుకుని తానూ ఏడుపందుకుంది. అంతలో కొవ్వొత్తులతో రుతుజ వచ్చింది. గంగవ్వ ఏడుపాపి ఆమె చెవిలో అంది: "బక్కయ్యను తెస్తుంటరు. జల్ది కేకు తియ్యి, పెట్టె కావాలె."

"తీస్తే ఐదు నిమిషాలల్ల కారుతది, ఆజీ."

"ఒక్కసారి మొకం సూడనియ్యిండ్రి," అని దాదర్ నుంచి వచ్చినాయన ధోవతి పట్టుకున్నాడు. రుతుజ పెట్టె మీద వాలిపోయింది. ఎంత ప్రేమో అని జనం ఇంకా ఏడ్చారు.

అప్పుడే టాక్సీ ఆగింది. చేతిలో దండతో బక్కయ్య దిగాడు. గంగవ్వ గుమ్మంలో పెట్టె నడుస్తోందని మాత్రమే వర్లిలో ఎవరో ఆయనకు చెప్పారు, ఎవరి కోసమో చెప్పలేదు.

"గంగవదినా, నాకన్న ముందే పోయినవా," అంటూ వచ్చి, ఎదురుగా గంగవ్వను చూసి నిలబడిపోయాడు.

"నేన్యాడ పోయిన? పోయింది నువ్వు."

"నేనా? నాకెవలు చెప్పలె."

డప్పులు ఆగాయి. బక్కయ్య ధోవతి ఎత్తాడు. గులాబీలన్నీ నిటారుగా, నడుమ తన పేరుతో కేకు రాయిలా నిలబడి ఉంది. రుతుజకు అప్పటికి ఊపిరొచ్చింది. కానీ ఎవరూ చెయ్యి చాపలేదు.

"ఆ పెట్టెలది ఎవలు తింటరు," అంది సీమా, ఓవెన్ జాగాను కళ్లతో కొలుస్తూ.

రుతుజ కళ్లు నిండాయి. బక్కయ్య చూశాడు. పెట్టె తెరిపించి, కత్తి అడిగి, ఓ ముక్క కోసి నోట్లో పెట్టుకున్నాడు.

"ఎట్లైన నేన్ ఈ పెట్టెల పండుకునేటోన్నే. సల్లగున్నది, పోరి. మంచిగున్నది."

ఏడ్చినవాళ్లంతా వరస కట్టారు. తెచ్చిన దండలు వృథా కాకుండా ఆయన మెడలోనే వేశారు. సీమా రెండు ముక్కలు తిని కుట్టు మిషన్ మాట ఎత్తలేదు.

సమాజం పెట్టెకు ఆ వారంలోనే జూన్ చివరిదాకా బుకింగులు అయిపోయాయి. వాటిలో పోయినవాళ్లవి ఒక్కటీ లేవు.