పద్మనాభం ఊదిన మూడు విజిళ్ళు

సింగపూర్ విమానం ఎక్కాల్సిన రోజు ఉదయం పద్మనాభం స్నానానికి కూడా నడుముకు సంచి కట్టుకునే వెళ్ళాడు. ఇరవై రెండేళ్ళ సర్వీసులో మొదటి విదేశీ ట్రైనింగ్ మరి! టార్చి, విజిల్, మందుబిళ్ళలు, పవర్‌బ్యాంకు, నైలాన్ తాడు, మడిస్తే పిడికిట్లో ఇమిడే పనిముట్టు, పాస్‌పోర్టు. ఇవి ఎంచుకోవడానికే మూడు నెలలు పట్టింది. "ప్రపంచంలో ఏ మూల పడేసినా బతికి వస్తాను" అని ఆఫీసులో అందరికీ చెప్పుకున్నాడు.

భార్య లీలావతి నర్సు. ఆరింటికే డ్యూటీకి పోతూ హెచ్చరించింది. "క్యాబ్ ఎనిమిదికి వస్తాది. అది తప్పితే ఫ్లైటు పోతాది, మీ ట్రైనింగు ఇంకొకరికి పోతాది."

స్నానం ముగిసింది. బాత్రూం తలుపు పిడి కాస్త వదులుగా కదిలింది. మామూలు మనిషైతే తిప్పి బయటికి వచ్చేసేవాడు. పద్మనాభం మామూలు మనిషా? పనిముట్టు తీసి స్క్రూ బిగించాడు. ఇంకాస్త బిగించాడు. పిడి ఊడి చేతికొచ్చింది. అవతలి పిడి ఇనుప కడ్డీతో సహా బయట నేలమీద ఠంగుమని పడింది. తలుపు తెరుచుకోదు. ఫోను హాల్లో ఉంది. టైము ఏడుంబావు.

కేకలు పెట్టడానికి అభిమానం అడ్డొచ్చింది. ఆపదలో మూడుసార్లు విజిల్ ఊదితే ఏ దేశంలోనైనా జనం వస్తారని ఎక్కడో చదివాడు. ఊదాడు. కుందలహళ్ళి వీధిలో టపటపా తలుపులు తెరుచుకున్న చప్పుడు వెంటిలేటర్లోంచి వినబడింది. పద్మనాభం ఛాతీ పొంగింది. వచ్చినవాళ్ళందరి చేతుల్లో తడిచెత్త బకెట్లున్నాయని ఆయనకు తెలియదు.

"చెత్త ఆటో ఏదప్పా?"

"ఊదేసి పోయుంటాది!"

అందరూ గొణుక్కుంటూ లోపలికి పోయారు. ఎవరూ మేడెక్కి రాకపోయేసరికి ఆయన మళ్ళీ ఊదాడు. మళ్ళీ బకెట్లు వచ్చాయి, ఈసారి తిట్లతో సహా. కింద ఉండే ఇంటి ఓనరు కృష్ణప్ప ఒళ్ళు మండి, చెత్త ఆటో నడిపే చాందినికి ఫోన్ చేశాడు.

"ఏమమ్మా, ఊదేసి పారిపోతావా? జనం బకెట్లు పట్టుకోని నిలబడుండారు!"

"నేనింకా రెండు వీధుల అవతల ఉండాను సార్! పన్నెండేండ్లుగా ఊదతా ఉండాను, ఒక్కనాడన్నా పారిపోయినానా?"

రోషంతో ఆటో తోలుకొచ్చి దిగిందో లేదో, మూడోసారి విజిల్ మోగింది. చాందిని కొంగు బిగించింది.

"ఎవురప్పా అది? నా వీధిలో ఊదేది ఎవురు?"

"నేనే! పైన!"

"పైన చెత్త ఉండాదా?"

"చెత్త కాదమ్మా, నేనుండాను! తలుపు తెరుచుకోలేదు!"

కృష్ణప్ప తన దగ్గరున్న రెండో తాళంచెవితో వీధితలుపు తీశాడు. చాందిని కిందపడ్డ కడ్డీ ఏరి, రంధ్రంలో దూర్చి తిప్పింది. అంతే, తలుపు తెరుచుకుంది. తువ్వాలు మీద సంచి కట్టుకున్న పద్మనాభం పదిమంది ఎదుట నిలబడ్డాడు. సిగ్గుపడతాడనుకున్నారు గానీ, ఆయన విజిల్ పైకెత్తాడు.

"చూసినారా, ఊదంగానే ఎంతమంది వచ్చినారో! తయారీ అంటే ఇదీ!"

"వాళ్ళు వచ్చింది నా విజిలనుకోని సార్," అంది చాందిని, తల ఎత్తి. "ఆ పేరు తెచ్చుకునేదానికి నాకు పన్నెండేండ్లు పట్టింది."

పద్మనాభం ఆమెకు దండం పెట్టి, బట్టలు తొడుక్కుని క్యాబ్ అందుకున్నాడు. ఎయిర్‌పోర్టు చేరేసరికి మాత్రం పాత ధీమా తిరిగొచ్చింది. లీలావతికి ఫోన్ చేశాడు.

"మూడు విజిళ్ళకు వీధి వీధంతా బయటికొచ్చిందే!"

"అదుండనీండి, మన తడిచెత్త ఇచ్చినారా?"

ఆ రోజు ఆ వీధిలో చెత్త ఇవ్వని ఇల్లు అదొక్కటే.