మూడో పాట మధ్యలోంచి

ఆ ఆదివారం పొద్దున ఇన్సూరెన్సు ఆఫీసు గుమాస్తా, ఆయన భార్య వేసుకున్న ప్లాను చిన్నదే. టిఫిను చేసి, కారులో 'ఏడో అంతస్తు' బ్యాండు అభిమాన సంఘం సభకు వెళ్ళడం. గుమాస్తాను ఇవాళ సంఘానికి అధ్యక్షుణ్ణి చేస్తారు. ఆ కుర్చీ కోసం ఆయన ఏళ్ళ తరబడి సంఘం కుర్చీలు మోశాడు. సంఘానికి నియమం ఒక్కటే: 'తుప్పు తీగలు' బ్యాండు పాటలు వినేవాళ్ళకు అందులో చోటు లేదు. గుమాస్తాకు భార్య పరిచయమైందీ ఆ సంఘంలోనే.

"నెల్లాళ్ళుగా మూగపోయిన ప్లేయరు బాగుచేయించానోయ్. దారి పొడుగునా మనవాళ్ళ పాటలే," అన్నాడు కారు తాళం తిప్పుతూ.

"ఇప్పుడెందుకండీ, డబ్బు దండగ!" అంది భార్య. ఆమె చెయ్యి మీట దాకా వెళ్ళేలోపే పాట అందుకుంది. తుప్పు తీగలు. మూడో పాట, మధ్యలోంచి.

ఆమె చాచిన చెయ్యి వెనక్కి తీసుకుంది. తర్వాత మొగుడి వైపు తిరిగింది.

"ఎన్నాళ్ళ నుంచి?"

"నీ మీద ఒట్టు, నాకేం తెలీదు!"

"మధ్యలోంచి వస్తోందంటే ముందువి విన్నట్టేగా? ఆ సౌండు చూడండి. మనవాళ్ళకి ఎప్పుడైనా అంత పెట్టారా?"

ఆపడానికి ఆయన మీట నొక్కాడు. సౌండు ఇంకా పెరిగింది.

ఆ మోతకు పక్కింటి రిటైర్డు లెక్కల మాస్టారు గేటు తీసుకుని వచ్చాడు. ఆయన తుప్పు తీగల భక్తుడు. ఆ కారణంగానే రెండిళ్ళ మధ్యా మాటల్లేవు. వస్తూనే గుమాస్తాను కౌగిలించుకున్నాడు.

"మీరు మావాళ్ళేనని నాకెప్పుడో అనుమానం సార్! మధ్యాహ్నాలు మీ కారు షెడ్డులోంచి ఇవే పాటలు వినబడేవి. ఇంట్లో చెప్పుకోలేకపోయారు, పాపం."

"మధ్యాహ్నం నేను ఆఫీసులో ఉంటానండీ!"

"ఉన్నారని ఎవరు చూశారు?" అంది భార్య.

సరిగ్గా అప్పుడే బావమరిది దిగాడు. సంఘానికి అతనే కార్యదర్శి. విషయం విని, కారు చుట్టూ ఓసారి తిరిగి, సీటు కింద చెయ్యి పెట్టి చూశాడు.

"గుమ్మడికాయల దొంగంటే భుజాలు తడుముకుంటున్నావేం బావా? ఆ చెమటలేమిటి?"

"ఎండలో నిలబెట్టి సోదా చేస్తే చెమట పట్టదట్రా? పద, మెకానిక్కునే అడుగుదాం. వాడే పెట్టుంటాడు."

"నలుగురిలో ఎందుకండీ, పరువు తక్కువ," అంది భార్య.

"లేదక్కా, తేలాల్సిందే. సభలో నేను సమాధానం చెప్పుకోవాలి," అన్నాడు తమ్ముడు.

ముగ్గురూ కారులో వెళ్ళేసరికి గ్యారేజీలోంచి మెకానిక్కు చేతులు తుడుచుకుంటూ వచ్చాడు.

"డిస్కు నాది కాదు సార్. ముందే లోపల ఇరుక్కుని ఉంది. దాన్ని బయటికి లాగబోయి ప్లేయరు పాడుచేశారెవరో. నేను రిపేరు చేశానుగానీ డిస్కు మాత్రం రాలేదు. ఇదిగో, లోపల ఇది దొరికింది."

అతని అరచేతిలో హెయిర్‌పిన్ను ఉంది. చివర నీలం పూస.

బావమరిది గొంతు లేచింది. "అంటే ఆ బ్యాండుతో పాటు ఓ ఆడమనిషి కూడా ఉందన్నమాట! బావా, నిన్ను నమ్మి అధ్యక్ష పదవికి నీ పేరు నేనే చెప్పాను కదయ్యా!"

గుమాస్తా పిన్ను తీసుకుని భార్య తల దగ్గర పెట్టి చూశాడు. ఆమె కొప్పులో ఉన్నదానికీ దీనికీ పూస తేడా కూడా లేదు.

"అన్నీ వినలేదండీ," అంది ఆమె నేల చూస్తూ. "ఆ మూడోదే. అది కాస్త బావుంటుంది."

"అక్కా, నువ్వా!" అన్నాడు బావమరిది. "రక్తసంబంధమని చూడను. సభలో చెప్పి తీరతాను. ఇంట్లో ఇది మోగుతుంటే బావ అధ్యక్షుడెలా అవుతాడు?"

ముగ్గురూ సభకని మళ్ళీ కారెక్కారు. తాళం తిప్పగానే మూడో పాట ఆగినచోటి నుంచి అందుకుంది. మలుపు దాటేదాకా ఎవరూ మీట జోలికి పోలేదు.

రెండో చరణం దగ్గర వెనక సీట్లోంచి కార్యదర్శి గొంతు కలిపాడు, ఒక్క మాట తప్పు పోకుండా.