బురదలో మొదటి స్థానం

గాలి ఎవరి మాటా వినదని లోకం అనుకుంటుంది. అలా అనుకునేవాళ్లు మా ఆస్మర్సీ సెయిలింగ్ క్లబ్బు నిబంధనల పుస్తకం చదవలేదు. మా దగ్గర గాలికి ఒక ఉపసంఘం ఉంది. దానికి ముగ్గురు సభ్యులు, ఒక అధ్యక్షుడు, ఏటా ఒక నివేదిక. (ఈ ఏటి నివేదికలో గాలి పనితీరు "మొత్తం మీద సంతృప్తికరం, అక్టోబరులో తప్ప" అని ఉంది.)

ఆ అక్టోబరు గురించే ఈసారి క్లబ్బు వార్తలు. ఈ ఏటి ఆఖరి పందెం ఫలితం నిజానికి ఒక్క ముక్కలో చెప్పవచ్చు: బయలుదేరిన పడవలు ఐదు, చేరింది ఒకటి. అయితే ఒక్క ముక్కలో చెబితే కమిటీ ఎందుకు ఉన్నట్టో ఎవరికీ అర్థం కాదు. అందుకని వివరంగా రాస్తున్నాను.

మా పడవలన్నీ రేవు పక్కన కంచె వేసిన స్థలంలో ఉంటాయి. ఏడాదిలో ఆరు పందేలు పూర్తి చేసిన పడవకే మరుసటి ఏడు కంచె లోపల చోటు. చేయని పడవ బయటికి పోవాలి. బయట ఉన్నది కౌన్సిల్ వారి కారు పార్కు. అక్కడ పడవ పెట్టకూడదని వాళ్ల నిబంధన. (రెండు నిబంధనలూ కలిపి చదివితే అలాంటి పడవ ఎక్కడా ఉండకూడదని తేలుతుంది. ఇది ఎవరి ఉద్దేశమూ కాదు. రెండు కార్యాలయాలు దేనికది చక్కగా పని చేస్తే ఇలా జరుగుతుంది.)

ఆఖరి పందెం నాటికి ఎనిడ్ గాట్‌వార్డ్ పడవ "పీవిట్" ఐదు పూర్తి చేసింది. ఎనిడ్‌కు డెబ్బై ఆరేళ్లు. పీవిట్ చెక్క పడవ, దానికీ ఇంచుమించు అంతే వయసు ఉంటుంది. మిగతా ఆదివారాల్లో రెండుసార్లు ఎనిడ్‌కు టీ డ్యూటీ పడింది. ఒకసారి వేరే పడవ తిరగబడితే అందులోని ఇద్దరినీ నీళ్లలోంచి లాగుతూ ఆలస్యమైపోయింది. టీ కాయడం, మనిషిని కాపాడటం రెండూ క్లబ్బు మనస్ఫూర్తిగా మెచ్చుకునే పనులే. పందెం పూర్తి చేయడం కిందకు మాత్రం రావు.

ఆమె లాండ్రీ దుకాణం పైన ఒక చిన్న ఫ్లాటులో ఉంటుంది. చుక్కాని ఇప్పటికే మంచం కింద ఉంది. తెరచాప తలుపు వెనక ఉంది. పడవకు ఇక ఆ ఇంట్లో చోటు లేదు.

మా క్లబ్బుకు పెద్ద అయిన కమడోర్ నైజెల్ థ్రెడ్‌గోల్డ్ గారికి ఈ సంగతి తెలుసు. పీవిట్ ఉన్న చోట, నిలబడి తెడ్డు వేసే ప్లాస్టిక్ పలకల కోసం ఒక స్టాండు కట్టించాలని ఆయన ఎప్పటినుంచో అనుకుంటున్నారు. ఆ స్టాండు బొమ్మ నోటీసు బోర్డు మీద వేసవి నుంచీ ఉంది. బొమ్మలో పీవిట్ లేదు. "ఇందులో వ్యక్తిగతం ఏమీ లేదండీ," అని ఆయన ఎనిడ్‌తో రెండుసార్లు అన్నారు. (కమడోర్ గారు ఉద్యోగంలో ఉన్న రోజుల్లో ఒక బీమా కంపెనీ తరఫున, ఇళ్లు కాలిపోయినవాళ్లతోనూ ఇదే మాట అనేవారట.)

ఆ ఆదివారం మధ్యాహ్నం పందెం మొదలైంది. సముద్రం వైపు వెళ్లి, నీళ్లమీద తేలే ఎర్ర బోయా చుట్టి, మా రేవున్న పాయలోకి తిరిగి రావాలి. వెళ్లడం బాగానే వెళ్లాం. తిరిగి వచ్చేటప్పుడు గాలి పడిపోయింది. అదే సమయానికి ఆటు మొదలై నీళ్లు సముద్రంలోకి లాగడం మొదలుపెట్టాయి. తెడ్డు వేయడం నిషేధం. అందుచేత నాలుగు పడవలు తెరచాపలు నిండుగా ఎత్తుకుని, ముందుకే చూస్తూ, ఎంతో హుందాగా వెనక్కి ప్రయాణించాయి. వాటిలో ఒకటి కమడోర్ గారిది. ఒకటి నేనూ, నా జోడీ జూన్ కలిసి నడిపేది.

ఎనిడ్ లంగరు వేసింది.

అప్పటికి పీవిట్ ముగింపు గీతకు కేక వేస్తే వినపడేంత దగ్గరలో ఉంది. లంగరు వేయడం నిబంధనలకు విరుద్ధం కాదు. ఇప్పటి పడవల్లో ఎవరూ లంగరు పెట్టుకోరు, బరువని. మా పడవలను రక్షణ పడవ తాడు కట్టి ఒడ్డుకు లాక్కొచ్చింది. తాడు పట్టుకుంటే పందెం విరమించినట్టే. మేం పట్టుకున్నాం.

పీవిట్‌లో ఎనిడ్‌తో పాటు ఆమె ఆడపడుచు హెటీ ఉంది. గాలి లేనప్పుడు మా పాయలో మాట అవతలి ఒడ్డు దాకా వినిపిస్తుంది.

"వదినా, కదులుతున్నామా?"

"లేదు."

"వెనక్కి?"

"వెనక్కీ లేదు."

"అయితే అందరికంటే మనమే వేగంగా పోతున్నామన్నమాట," అంది హెటీ, ఫ్లాస్కు మూత తీస్తూ.

కమడోర్ గారు తడిబట్టలతోనే రేవు చివరికి వెళ్లి మైకు పట్టుకున్నారు.

"ఎనిడ్ గారూ, పందెం అయిపోయిందండీ. రక్షణ పడవ వస్తుంది, తాడు పట్టుకోండి."

"ఎవరు గెలిచారు నాయనా?"

"ఎవరూ గెలవలేదండీ."

"అయితే ఎలా అయిపోయింది?"

కమడోర్ గారు మైకు దించి కాసేపు తనలో తాను మాట్లాడుకున్నారు. (మైకు ఆపడం మరిచిపోయారు. ఆ మాటలు ఈ వార్తల్లో వేయదగినవి కావు.)

ఈలోగా నీళ్లు ఇంకా తగ్గాయి. మా పాయలో ఆటు పూర్తయితే మిగిలేది నడుం లోతు బురద. పీవిట్ మెల్లగా దిగి, బురదలో కూర్చుంది. తాడు పట్టుకుని వెళ్లాల్సిన రక్షణ పడవ కూడా సగం దూరం వెళ్లి బురదలో కూర్చుంది. అందులోని ఇద్దరూ నిబంధనల ప్రకారం తమను రక్షించమని ఈల వేశారు. వాళ్లను రక్షించాల్సింది వాళ్లే కాబట్టి ఎవరూ కదల్లేదు.

కమడోర్ గారు గుడిసెలోకి వచ్చారు. గుడిసె అంటే పందెం అధికారి స్టాప్‌వాచీతో కూర్చునే చోటు. ఆ రోజు అధికారి లెస్లీ కట్‌బుష్. మెత్తటి మనిషి. ఇంట్లో మాంసం ఓవెన్‌లో ఉందని భార్య అప్పటికే రెండుసార్లు ఫోన్ చేసింది.

"ఆవిడ బురదలో ఉంది లెస్లీ. నీళ్లు లేనిచోట పందెం ఏమిటయ్యా?"

లెస్లీ పుస్తకం తిరగేశాడు. "నిబంధనల్లో నీళ్ల మాట ఎక్కడా లేదండీ. రాసినవాళ్లు ఉంటాయనుకుని ఉంటారు."

"గడువు?"

"మొదటి పడవ చేరిన దగ్గర్నుంచి గడువు లెక్క మొదలవుతుందండీ. మొదటి పడవ చేరలేదు కదా."

"సరే, నువ్వు ఇంటికి వెళ్లిపో. చూసేవాడు లేకపోతే గీతే ఉండదు."

లెస్లీ ముఖం ఒక్క క్షణం వెలిగింది. మళ్లీ పుస్తకంలోకి చూశాడు. "పందెంలో పడవ ఉండగా అధికారి గుడిసె వదలకూడదండీ. వదలమని పోటీదారు చెప్పకూడదు కూడానండీ. మీరు పోటీదారులు."

"నేను విరమించాను."

"విరమించిన పోటీదారులండీ."

(ఇక్కడ ఒక చిన్న వార్త. గత నెలలో స్నానాల గదిలో పోయిన ఎడమకాలి రబ్బరు బూటు ఇంకా దొరకలేదు. కుడికాలిది ఎవరికైనా కావాలంటే జూన్‌ను అడగండి.)

"అయితే రద్దు చేసెయ్," అన్నారు కమడోర్ గారు. "గాలి లేదని రద్దు చేసెయ్. రద్దు జెండా ఎగరెయ్."

ఇది సక్రమమైన మార్గమే. లెస్లీ కూడా ఒప్పుకున్నాడు. ఒక్కటే ఇబ్బంది. నీలం, తెలుపు గళ్ల రద్దు జెండా రెండేళ్లుగా ఆడవాళ్లు బట్టలు మార్చుకునే గది కిటికీకి కట్టి ఉంది. పాత కర్టెన్ చిరిగిపోయినప్పుడు కొత్తది కొనడం దండగని, ఎలాగూ ఖాళీగా పడి ఉన్న జెండాయే కదా అని కమడోర్ గారే కట్టించారు. ఆ సమయంలో లోపల ఇద్దరు బట్టలు మార్చుకుంటున్నారు. (వాళ్లలో ఒకరు ఈ వార్తలు రాస్తున్నారు.)

కమడోర్ గారు తలుపు తట్టారు.

"అమ్మా, ఆ జెండా ఒకసారి ఇస్తారా?"

"ఇచ్చేస్తే కిటికీకి ఏముంటుందండీ?" అంది జూన్.

"ఎంతసేపు పడుతుంది మీకు?"

"ఇప్పుడే ఒక మేజోడు విప్పామండీ."

ఆయన పెద్దమనిషి. తలుపు దగ్గర నుంచి నాలుగడుగులు వెనక్కి వెళ్లి నిలబడ్డారు. కిటికీకి ఒక మూల జెండా కాస్త ఎత్తితే పీవిట్ కనిపించేది. చుట్టూ మెరిసే బురద, మధ్యలో ఒక పక్కకు ఒరిగి చెక్క పడవ, పైన చలనం లేని తెరచాప, ఇద్దరు ముసలమ్మలు. కొంగలు దగ్గరికి వచ్చి చూసి పోతున్నాయి.

"వదినా," అంది హెటీ. ఈసారి గొంతులో వేళాకోళం లేదు. "ఒళ్లు గడ్డకట్టుకుపోతోంది. ఈ తంటా అంతా ఈ చెక్కల కోసమేనా? ఎవరికైనా ఇచ్చేయరాదూ?"

"ఇచ్చేస్తే ఆదివారం నేనెక్కడ కూర్చోవాలే?"

"ఇంట్లో కూర్చో. అందరూ కూర్చోవడం లేదూ?"

"కింద మెషీన్లు తిరుగుతుంటాయి. మంచం వణుకుతుంటుంది. ఆదివారమే జనం దుప్పట్లు తెచ్చి పడేస్తారు." ఎనిడ్ తన కోటు విప్పి అటు తోసింది. "నువ్వు చలికి వణుకుతున్నావని నాకు తెలుసు. ఆ కోటు కూడా కప్పుకో. నీళ్లు వస్తాయి."

హెటీ కోటు కప్పుకుంది.

సాయంత్రం అవుతుండగా కమడోర్ గారు మళ్లీ రేవు చివరికి వెళ్లారు. ఈసారి చేతిలో కాగితంలో చుట్టిన పొట్లం ఉంది.

"ఎనిడ్ గారూ, ఆకలిగా ఉండి ఉంటుంది. ఒక శాండ్‌విచ్ విసరమంటారా?"

"ఏం శాండ్‌విచ్ నాయనా?"

"గుడ్డు, ఆవ మొలకలు వేశారు."

"తీసుకుంటే బయటి సహాయం కింద వస్తుందా?"

"నేను మర్యాదకు అడిగానండీ."

"మర్యాద సరే. నిబంధన ప్రకారం?"

కమడోర్ గారు అబద్ధం ఆడే మనిషి కాదు. "వస్తుందండీ."

"అయితే నువ్వే తినెయ్ నాయనా. పొద్దుటి నుంచీ తిరుగుతున్నావు."

"వదినా, సగం తింటేనో?" అంది హెటీ.

"సగం ఓడిపోతాం."

ఆయన రేవు మీదే నిలబడి ఆ శాండ్‌విచ్ తిన్నారు. తర్వాత నేరుగా మా తలుపు దగ్గరికి వచ్చారు.

"అమ్మా, ఇప్పుడెక్కడి దాకా వచ్చారు?"

"మేజోళ్లు మళ్లీ వేసుకుంటున్నామండీ," అన్నాను నేను. "చలిగా ఉంది."

బట్టలు మార్చుకోవడానికి ఆ రోజు మాకు పట్టిన సమయం క్లబ్బు రికార్డు అని విన్నాను. దానికి కప్పు ఇంకా ఏర్పాటు చేయలేదు.

పోటు వచ్చింది. మొదట బురదలో సన్నటి చారలుగా, తర్వాత పీవిట్ అడుగు చుట్టూ, తర్వాత పాయంతా. పడవ ఒకసారి మూలిగి నిటారుగా లేచింది. ఎనిడ్ లంగరు లాగింది. బురద పట్టిన లంగరు ఒక పట్టాన రాలేదు. హెటీ ఆమె నడుం పట్టుకుని లాగింది. లంగరు వచ్చింది, ఇద్దరూ వెనక్కి కూలబడ్డారు. గాలి అప్పటికీ లేదు. నీళ్లే ఆ పడవను పక్కవాటుగా, నింపాదిగా, గీత దాటించాయి. లెస్లీ హారన్ మోగించాడు. వెంటనే స్కూటర్ ఎక్కి ఇంటికి పోయాడు. (మాడిన మాంసం వల్ల వాళ్లింట్లో ఇంకా మాటలు లేవు.)

హారన్ విన్నాక జూన్, నేను జెండా విప్పి, నలగకుండా మడిచి, కమడోర్ గారి చేతికిచ్చాం. ఆయన థాంక్స్ చెప్పారు.

ఇక అధికారిక ఫలితాలు. మొదటి స్థానం: పీవిట్. మిగతా స్థానాలు: లేవు. మా దగ్గర పాత, బరువైన పడవలకు సమయంలో కొంత తగ్గింపు ఇస్తారని మీకు తెలుసు. ఆ లెక్క ప్రకారం సవరించి చూస్తే పీవిట్ గీత దాటింది అది ఇంకా బురదలో ఉన్నప్పుడే. లెక్క రెండుసార్లు సరిచూశాం. సరిగ్గానే ఉంది. ఆరో పందెం నమోదైంది. వచ్చే ఏడు కంచె లోపల పీవిట్ చోటు పీవిట్‌దే. పలకల స్టాండు బొమ్మ నోటీసు బోర్డు మీద అలాగే ఉంది.

మంగళవారం కమిటీ సమావేశం జరిగింది. ఎనిడ్ చూపిన ఓర్పు, నావికా నైపుణ్యం క్లబ్బు చరిత్రలోనే అరుదైనవని కమడోర్ గారు లేచి నిలబడి చెప్పారు. ఆ మాటలు ఆయన మనసులోంచే వచ్చాయని నేను నమ్ముతున్నాను. ఆ స్ఫూర్తిని శాశ్వతం చేయడానికి ఒక తీర్మానం కూడా ఆయనే ప్రతిపాదించారు. వచ్చే ఏడు నుంచి చోటు కావాలంటే ఏడు పందేలు పూర్తి చేయాలి. లంగరు వేసిన పడవ, నేలకు తగిలిన పడవ ఆ క్షణమే విరమించినట్టు లెక్క. రద్దు జెండా కమడోర్ కారులో ఉంటుంది. ఏమైనా అభ్యంతరాలున్నాయా అని అడిగారు. జూన్ చెయ్యెత్తి, మరి కిటికీకి ఏం కడతారని అడిగింది. దాన్ని ఉపసంఘానికి పంపారు. కమిటీలో ఓటున్న తొమ్మిది మంది మగవాళ్లూ తీర్మానాన్ని ఏకగ్రీవంగా ఆమోదించారు.

దానికి గాట్‌వార్డ్ నిబంధన అని పేరు పెట్టారు. హాల్లో కప్పులు గెలిచినవాళ్ల పేర్లుండే చెక్క బోర్డు మీద, బంగారు అక్షరాలతో రాయించారు. ఆ గోడ మీదికి ఒక ఆడమనిషి పేరు ఎక్కడం ఇదే మొదటిసారి. అది రాయించిన రోజు ఎనిడ్‌కు టీ డ్యూటీ ఉంది కాబట్టి, వంటగదిలోకి వినపడేలా అందరూ గట్టిగా చప్పట్లు కొట్టారు.