ఫ్రిజ్ మీది పసుపు చీటీలు

ఆ ఆదివారం పొద్దున పళ్లమ్మాయి పెట్టుకున్న పనులు మూడే. పదింటికి ఇంటావిడ వచ్చి ఒక కాగితం మీద సంతకం పెడుతుంది. తర్వాత రెండు వారాలుగా గేమ్‌లో ఇరుక్కుపోయిన చోటు దాటాలి. మధ్యాహ్నం దుప్పటి కప్పుకుని లైబ్రరీ నవల పూర్తిచెయ్యాలి. పరాయి దేశంలో ఒంటరిగా ఉండేవాళ్లకి ఆదివారం ఇంతకంటే గొప్పగా గడవదు లెండి.

పళ్లమ్మాయి అన్నది వీధివాళ్లు పెట్టిన పేరు. ఆమె కట్టుడు పళ్లు తయారుచేసే ల్యాబులో పనిచేస్తుంది. వారమంతా ఎవరెవరివో దవడలు మైనంతో చెక్కి, ఇంటికొచ్చి ఇండీ గేమ్‌లు ఆడుతుంది. అంటే పెద్ద కంపెనీలు చేసినవి కావు, ఎవరో ఒక్కరు ఇంట్లో కూర్చుని ఓపిగ్గా తయారుచేసిన చిన్న ఆటలు. అవి ఆడుతుంటే ఆ చేసిన మనిషితో కబుర్లు చెప్పుకున్నట్టు ఉంటుందట. ఆ ఊళ్లో ఆమెకి కబుర్లు చెప్పేవాళ్లు ఇంకెవరూ లేరు మరి.

సంతకం సంగతి మాత్రం ఆట కాదు. పెళ్లయిన ఎనిమిది నెలలకి భర్తను రప్పించుకునే అవకాశం వచ్చింది. ఇల్లు ఇద్దరికి సరిపోతుందని ఇంటి యజమాని రాసివ్వాలి, ఆ కాగితం సోమవారంకల్లా ఆఫీసులో ఇవ్వాలి. ఇంటావిడేమో ఆదివారం పన్నెండు గంటల బస్సుకి చెల్లెలి ఊరు వెళ్లి రెండు నెలలు ఉండబోతోంది. ఈ సంతకం తప్పిపోతే దరఖాస్తు మళ్లీ మొదటికొస్తుంది.

సరిగ్గా పదింటికి ఇంటావిడ ప్రయాణపు బట్టల్లో, చంకలో పిల్లితో దిగింది. "కూర్చోండి ఆంటీ, టీ మరుగుతోంది. పెన్ను తెస్తాను," అని పళ్లమ్మాయి పడగ్గదిలోకి వెళ్లింది. ఇంట్లో ఉన్న మూడు పెన్నుల్లో రాసేది ఒక్కటే, అది ఎక్కడుందో దేవుడికే తెలియాలి.

గేమ్‌లో గుర్తుపెట్టుకోవలసినవన్నీ పసుపు చీటీల మీద తెలుగులో రాసి ఫ్రిజ్‌కి అంటించడం ఆమె అలవాటు. ఆ ఊళ్లో తెలుగు చదివే మనుషులు లేరన్న ధీమా. చదివే ఫోన్లు ఉన్నాయన్న సంగతి తట్టలేదు. ఇంటావిడ ఈమధ్యే మందు సీసాల మీది అక్షరాలకు ఫోన్ ఎత్తిపట్టి, తన భాషలో చదువుకోవడం నేర్చుకుంది. ఆ ముచ్చటకొద్దీ చీటీలకూ ఎత్తిపట్టింది. ఫోన్ ఒక్క మాట కూడా తప్పు చదవలేదు.

"ముసలావిడ టీలో నిద్రమందు కలపాలి. నిద్రపోగానే తాళాలగుత్తి లాక్కోవాలి. పిల్లి అరిస్తే బావిలో పడెయ్యాలి. కాగితం చేతికొస్తే ఇక ముసలావిడతో పనిలేదు."

పళ్లమ్మాయి పెన్ను సాధించుకుని వచ్చేసరికి ఇంటావిడ లేదు, పిల్లి లేదు, సంతకమూ లేదు. కళ్లజోడు మరిచిపోయిందేమోననుకుని, టీ కప్పులో పోసుకుని ఆవిడ ఉండే ఎదురు వాటాకి పరిగెత్తింది. గొలుసు వేసిన తలుపు సందులోంచి ఒక కన్ను కనబడింది.

"వేడిగా ఉండగానే తాగేయండి ఆంటీ."

"నువ్వు తాగు!"

"నేను తాగేశానండీ. ఇది మీకోసమే ప్రత్యేకంగా పెట్టాను."

తలుపు ధడాలున మూసుకుంది. ఆ చప్పుడుకి పై అంతస్తు నుంచి రిటైరైన బస్సు డ్రైవరు దిగివచ్చాడు. ఇంటావిడ తలుపు వెనకనుంచే చీటీల సంగతంతా ఆయనకి చెప్పింది. వింటున్న పళ్లమ్మాయి నెత్తి కొట్టుకుంది. "అయ్యో రామా! అదంతా ఆట ఆంటీ! రండి, చూపిస్తాను!"

డ్రైవరు ముందు, ఆయన వీపు చాటున ఇంటావిడ, ఆవిడ చంకలో పిల్లి. లోపల బల్ల మీద నాలుగు డిటెక్టివ్ నవలలు, నాలుగింటి అట్టల మీదా కత్తులే. "ఇవి నావి కావండీ, లైబ్రరీవి!" అంది పళ్లమ్మాయి కంగారుగా.

"లైబ్రరీవాళ్లు కూడా ఉన్నారా దీంట్లో?" అన్నాడు డ్రైవరు.

లాప్‌టాప్ తెరిస్తే, అప్‌డేట్ అవుతున్నాను, కాస్త ఓపిక పట్టమంది. అంతలో బల్ల మీది ఫోన్ మోగింది. మొగుడు. తొందర్లో వేలు స్పీకర్ మీద పడింది.

"ఏమే, ముసలిది చచ్చిందా, ఇంకా కొట్టుకుంటోందా?"

"బావా, ఊరుకో!"

"ఊరుకోవడమేంటే? ఇవాళ దాని పని పట్టెయ్యి. అన్నట్టు, సంతకం అయిందా?"

ఇంటావిడ ఎత్తిపట్టిన ఫోన్ ఆ మాటలన్నిటినీ ఎంతో మర్యాదైన గొంతుతో ఆవిడ భాషలో వినిపించింది. డ్రైవరు పోలీసులకి ఫోన్ చెయ్యడానికి జేబు తడుముకున్నాడు.

పళ్లమ్మాయి ఫోన్ కట్టేసి నేల మీద చతికిలబడింది. ఏడుపు ఆగలేదు. "పెళ్లయ్యాక మేం కలిసి ఉన్నది పదహారు రోజులండీ. సంతకం పెట్టకపోతే పోనీండి. నన్ను అలాంటిదాన్ననుకోకండి, చాలు."

అప్పుడు ముగిసింది అప్‌డేట్. సన్నటి సంగీతంతో తెర వెలిగింది. పాత సత్రం, పెరట్లో బావి, గుమ్మంలో పిల్లి, కుర్చీలో కుట్టుపని చేసుకుంటున్న ముసలావిడ. ఇంటావిడ డ్రైవరుని పక్కకి జరిపి ముందుకొచ్చింది. "చీటీల్లో ముసలిది ఈవిడా? ఏం చేసిందమ్మా నీకు?"

"తాళాలు ఇవ్వడం లేదండీ, దారి గీసిన కాగితమేమో ఆవిడ పెట్టెలో ఉంది. మందు కలిపితే పిల్లి కప్పు తన్నేస్తోంది. మా ఆయన రోజూ అడిగేదీ ఈవిడ గురించే."

"ఇమ్మని అడిగావా?"

అడగలేదు. రెండు వారాల్లో మందు, తాడు, నిచ్చెన అన్నీ అయ్యాయి గానీ 'మాట్లాడు' అన్న మీట ఒక్కసారీ నొక్కలేదు. ఇంటావిడ నొక్కింది. తెర మీది ముసలావిడ కుట్టుపని పక్కన పెట్టి, "ఇన్నాళ్లకి ఒకరు పలకరించారు. తాళాలు ఇవిగో. కాసేపు కూర్చుని వెళ్లండి," అంది.

ఇంటావిడ పళ్లమ్మాయి వైపు తిరిగింది. "నువ్వు దిగి ఏడు నెలలయింది. ఒక్కసారైనా మా ఇంటికొచ్చి కూర్చున్నావా?"

"మీరేమనుకుంటారోనని భయమండీ."

"నాకూ అదే భయం," అని ఇంటావిడ పెన్ను అందుకుని సంతకం పెట్టింది. అప్పటికి పన్నెండు దాటింది. బస్సు వెళ్లిపోయింది. వచ్చే నెల వస్తానని చెల్లెలికి కబురుపెట్టింది. ఆటలో బావి దగ్గర ఇంకో తలుపు కనబడింది మరి.

ఏడు వారాల తర్వాత మొగుడు రెండు పెట్టెలతో దిగాడు. ఇంట్లో ఉన్న ఒకే ఒక్క మంచి కుర్చీలో ఒళ్లో పిల్లితో, కళ్లజోడు ముక్కు మీదికి జారిన ఒక పెద్దావిడ, తల తిప్పకుండా మీటలు నొక్కుతోంది.

"ఎవరే ఈవిడ?" అన్నాడు గుసగుసగా.

"చచ్చిందా అని అడిగావే, ఆవిడే."

ఇల్లు ఇద్దరికి సరిపోతుందని ఆ కాగితంలో రాసిన మాట నిజమే. మూడో మనిషి గురించి ఆఫీసువాళ్లు అడగనూ లేదు, వీళ్లు చెప్పనూ లేదు.