గెలాక్సీ డ్యూటీ మీద మృదుల

విశ్వం పుట్టాక నక్షత్రాలు వచ్చాయి. నక్షత్రాల తర్వాత గ్రహాలు, గ్రహాల తర్వాత ప్రాణులు, ప్రాణుల తర్వాత ఫారాలు వచ్చాయి. పరిణామం అక్కడితో ఆగిపోయింది.

ఈ సంగతి మా పక్క అపార్ట్‌మెంట్ మృదులకి తెలియదు. మాంట్రియల్‌లో ఒకానొక యూనివర్సిటీలో పోస్ట్‌డాక్ ఆమె. పోస్ట్‌డాక్ అంటే పీహెచ్‌డీ అయ్యాక, ఉద్యోగం రాకముందు ఉండే దశ (కొందరికి రిటైర్మెంట్ దాకా ఉంటుంది). పన్నెండు వందల కోట్ల కాంతి సంవత్సరాల అవతల గెలాక్సీలు ఎలా ఎదిగాయో చెప్పగలదు. వచ్చే శుక్రవారం తర్వాత తన ఉద్యోగం ఉంటుందో ఊడుతుందో మాత్రం చెప్పలేదు. కాంట్రాక్ట్ పొడిగించాలంటే ఆలోగా భద్రతా ఫారం పాసవ్వాలి. కాంట్రాక్ట్ లేకపోతే వర్క్ పర్మిట్ కూడా లేదు.

ఆ ఫారంలో ‘పరిశోధనా స్థలం’ అన్న గడిలో పిల్ల నిజాయితీగా గెలాక్సీ నంబరూ, దాని దూరమూ రాసింది. శాస్త్రవేత్తలకి ఈ జబ్బు ఉంటుంది. (మనమైతే ‘ఆఫీసు’ అని రాసి కాఫీకి పోయేవాళ్ళం.)

బయటి పర్యటనల భద్రతాధికారి హేమచంద్రగారు పిలిపించారు. తెలుగాయనే కదా అని మృదుల ఊపిరి పీల్చుకుంది. తొందరపడింది. పరాయి దేశంలో మనవాడు అధికారి అయితే, మనవాళ్ళకి సాయం చేశాడన్న మాట రాకుండా రూలు రెండింతలు పాటిస్తాడు.

“అంకుల్, నేనెక్కడికీ వెళ్ళను. నా డెస్క్ దగ్గర కూర్చుని డేటా చూస్తా, అంతే. లొకేషన్ మార్చేయండి, ప్లీజ్.”

“సబ్మిట్ అయ్యాక మార్చడం కుదరదమ్మా. అక్కడికి దగ్గర్లో ఆసుపత్రి ఎంత దూరం?”

“పన్నెండు వందల కోట్ల కాంతి సంవత్సరాలు.”

“‘కొంచెం దూరం’ అని వేస్తున్నా. కారుకి మంచులో జారని వింటర్ టైర్లు వేయించావా?”

“కారే లేదంకుల్.”

“ఎలుగుబంట్లు ఉంటాయా అక్కడ?”

“ఉండవనుకుంటా.”

“లేవని ఎవిడెన్స్ ఉందా?”

మృదుల ఆలోచించింది. “లేదు,” అంది. (చెప్పానుగా, జబ్బు.)

ఎలుగుబంటి ఎదురైతే ఏం చేయాలన్న నాలుగు గంటల ఆన్‌లైన్ ట్రైనింగ్ పూర్తి చేసింది. నూటికి తొంభై రెండు వచ్చాయి. మార్కులు చూసుకుని కాసేపు మురిసిపోయింది కూడా, పాపం.

“చివరి ప్రశ్న,” అన్నారాయన, ఆమె మళ్ళీ వచ్చాక. “ఆ స్థలం ఇప్పటికీ ఉందా?”

“చెప్పలేం అంకుల్. దాని వెలుగు మనదాకా రావడానికే అన్నేళ్ళు పట్టింది. కనబడుతోందంటే ఇంకా ఉన్నట్టు కాదు.”

ఆ మాట ఆయనకి నచ్చింది. నోట్‌బుక్‌లో రాసుకున్నారు.

గురువారం సాయంత్రం ఫారం పాసైంది. ప్రయాణం మంజూరు, క్షేమంగా వెళ్ళిరండి అని ఈమెయిల్. మృదుల మా అందరికీ స్వీట్లు పంచింది.

శుక్రవారం పొద్దున బ్యాడ్జి పెడితే యూనివర్సిటీ తలుపు తెరుచుకోలేదు. సిస్టమ్ ప్రకారం ఆమె గెలాక్సీలో ఉంది. పొడిగింపు కాగితం మీద సంతకం క్యాంపస్‌లో హాజరైనవాళ్ళే పెట్టాలి. సాయంత్రం ఐదింటితో గడువు సరి.

తలుపు దబదబా బాదితే హేమచంద్రగారే వచ్చి తీశారు.

“అంకుల్, నేనిక్కడే ఉన్నా! మీ ఎదురుగా! కనబడటం లేదూ?”

ఆయన నోట్‌బుక్ తీసి, పేజీ వెతికి, కళ్ళజోడు సర్దుకున్నారు.

“కనబడుతున్నావమ్మా. కనబడినంత మాత్రాన ఇంకా ఉన్నట్టు కాదని నువ్వే కదా చెప్పావు.”