యాదలక్ష్మి తుపాకి గురి తప్పిన కేసు

"ఈ భూమండలం మీద నేను ఛేదించలేని కేసు ఒకటే ఉందమ్మా. అది నా దాకా రాని కేసు," అన్నాడు త్రినాథరావు, ఖాళీ గిన్నెతో యాదలక్ష్మి గుమ్మంలో నిలబడి.

ఆయన వచ్చింది పాలలోకి తోడు కోసం. దిల్‌సుఖ్‌నగర్‌లోని ఆ అపార్ట్‌మెంట్ మూడో అంతస్తులో యాదలక్ష్మి, ఆమె తల్లి అండాలమ్మ ఉంటారు. సరిగ్గా వాళ్ళ నెత్తిమీద త్రినాథరావు, ఆయన భార్య కోటేశ్వరమ్మ. ఇన్సూరెన్సు ఆఫీసులో గుమాస్తాగా రిటైరైన మర్నాడే ఆయన 'అపరాధ పరిశోధకుడు' అని కార్డులు కొట్టించుకున్నాడు. ఇప్పటికి చేపట్టినవి రెండు కేసులు. లిఫ్టులో ఉమ్మేసిందెవరు అన్నది తేలలేదు. నీళ్ళ ట్యాంకులో దొరికిన చెప్పు ఎవరిది అన్నది తేలింది. ఆయనదే.

ఇప్పుడు ఆయన చూపు యాదలక్ష్మి టేబుల్ మీదున్న అట్టముక్క మీద పడింది. గుండ్రటి గీతల మధ్య ఐదు చిల్లులు, ఆవాలు చల్లినట్టు తలో మూలా ఉన్నాయి.

"హత్యాయత్నమా?" అన్నాడు గొంతు తగ్గించి.

"ప్రాక్టీసు సార్," అంది యాదలక్ష్మి.

ఆమె సిటీబస్సు కండక్టరు. తండ్రి మట్టయ్య నల్లగొండ దిక్కు ఊళ్ళో, చేల మీద పడే అడవిపందుల కోసం లైసెన్సు తుపాకి పట్టిన మనిషి. ఆయన పోయాక లైసెన్సు తన పేరుకు మార్పించుకుని, ఆ వేట తుపాకికి దూరాన్ని దగ్గర చేసి చూపించే స్కోపు బిగించుకుంది. పెద్ద అంబర్‌పేట్ అవతల ఒక షూటింగ్ క్లబ్బులో సెలవు రోజుల్లో కాలుస్తుంది. మొన్నటిదాకా ఆమె ఐదు గుళ్ళూ రూపాయి బిళ్ళంత చోటులో పడేవి. పదిహేను రోజులుగా ఎక్కడ పడతాయో ఆమెకే తెలియట్లేదు. ఎల్లుండి ఆదివారం క్లబ్బు పోటీలు.

"స్కోపు స్క్రూలు వదులైనయేమో అని క్లబ్బుల గన్నులు బాగుచేసే అంతయ్య చూసిండు, మంచిగనే ఉన్నయి. గొట్టం లోపల సాఫ్ చేసిండు. గుళ్ళు మార్చి కొత్త డబ్బా తెచ్చిన. గన్నులైతే ఏం లేదు సార్."

గన్నులో ఏమీ లేకపోతే మిగిలింది ఏమిటో ఆమె పైకి అనలేదు. మట్టయ్యకు చివరి మూడేళ్ళు కుడిచేయి వణికేది. చాయ్ గ్లాసు పడితే సగం నేలపాలయ్యేది. ఆ జబ్బు మొదట బయటపడింది గురి తప్పడంతోనే. పదిహేను రోజులుగా యాదలక్ష్మి బస్సులో టికెట్టు చించి ఇచ్చేటప్పుడల్లా తన వేళ్ళనే చూసుకుంటోంది.

"లేదమ్మా," అన్నాడు త్రినాథరావు. "ఇందులో ఏదో అదృశ్య హస్తం ఉంది."

హస్తం అన్న మాటకు ఆమె కుడిచేతిని వెనక్కి పెట్టుకుంది. ఆయన మాత్రం తోడు మర్చిపోయి కేసుతో పైకి వెళ్ళాడు.

శనివారం పొద్దున త్రినాథరావు ఆమె స్కూటీ వెనక, తుపాకి పెట్టెను ఒళ్ళో పెట్టుకుని కూర్చున్నాడు. ఎల్బీనగర్ దాటుతుండగా ఆమె భుజం తట్టాడు.

"తిరిగి చూడకు. ఎర్రచొక్కా వాడొకడు మన వెనకే వస్తున్నాడు."

"ఎల్బీనగర్ చౌరస్తాల అందరు ఎన్కనే ఉంటరు సార్. గాయిన బిర్యానీ తీస్కపోతుండు."

క్లబ్బులో అంతయ్య బల్ల మీద గుడ్డ పరిచి, తుపాకి బోల్టు ఊడదీసి పక్కన పెట్టి, గొట్టం ఖాళీగా ఉందని చూపించాకే త్రినాథరావును దగ్గరికి రానిచ్చాడు. ఆయన భూతద్దం తీసి, స్కోపును ఒక కన్నుతో, అంతయ్యను రెండో కన్నుతో పరీక్షించాడు. కాసేపటికి నిటారుగా నిలబడ్డాడు.

"రక్తం."

నిజమే. ఇనుప గొట్టానికీ దాని కింది కట్టెకూ మధ్య సన్నటి సందు. ఆ సందు అంచున ఎర్రటి మరక ఉంది.

సరిగ్గా అప్పుడే శ్రీరామమూర్తి లోపలికి వచ్చాడు. బ్యాంకులో రిటైరైన పెద్దమనిషి. రెండేళ్ళుగా పోటీల్లో యాదలక్ష్మి తర్వాత స్థానం ఆయనదే. ఆయన బొటనవేలికి కట్టు ఉంది.

త్రినాథరావు కళ్ళు మెరిశాయి. "వేలికేమైందండీ?"

"ఆనపకాయ కోస్తుంటే తెగిందండి."

"ఆనపకాయ. బాగుంది. సాక్షులున్నారా?"

"మా ఆవిడ ఉంది. పప్పులో వేసేసింది."

"అంటే సాక్ష్యాన్ని మాయం చేశారన్నమాట."

శ్రీరామమూర్తి కోపం తెచ్చుకోలేదు. యాదలక్ష్మి ముఖం చూసి, "అమ్మాయ్, నీ తుపాకితో నేనో ఐదు గుళ్ళు కాల్చి చూస్తాను. నాకూ చెదిరితే తప్పు తుపాకిదే కదా," అన్నాడు.

"ఖబడ్దార్," అన్నాడు త్రినాథరావు. "నిందితుడు సాక్ష్యాన్ని ముట్టుకోరాదు."

"సార్, ఆయన చెప్పింది కరెక్టే," అన్నాడు అంతయ్య. "ఇంకోలు కాలిస్తే ఒక్క నిమిషంల తెలుస్తది."

యాదలక్ష్మి గుళ్ళ డబ్బా మూత బిగించింది. ఆ మాట ఆమెకు పది రోజుల కిందటే తట్టింది. ఆయన చేతిలో గుళ్ళన్నీ ఒక్కచోట పడితే? అప్పుడిక అనుమానానికి కూడా చోటుండదు. ఈ వెర్రి పెద్దమనిషి అడ్డుపడటం ఆమెకు ఎంత హాయిగా అనిపించిందంటే, తన మీద తనకే సిగ్గేసింది.

త్రినాథరావు రక్తం నమూనా సేకరణకు దిగాడు. జేబులోంచి కోటేశ్వరమ్మ తలపిన్ను తీసి సందులో పెట్టి గీకాడు. పిన్ను జారి లోపలికి పోయింది.

ఆయన ముఖంలో అంతర్జాతీయ కుట్రలకు కూడా చలించని ఆ గాంభీర్యం ఒక్కసారిగా కరిగిపోయింది. "అది మా ఆవిడది. అడక్కుండా తెచ్చాను," అన్నాడు.

"జర ఆగుండ్రి, కట్టె ఇప్పుతా," అని అంతయ్య అంటూనే ఉన్నాడు. త్రినాథరావు తుపాకిని తలకిందులు చేసి చాటలో బియ్యం చెరిగినట్టు చెరుగుతున్నాడు. పిన్ను రాలేదు. మూలనున్న చీపురులోంచి పుల్ల పీకి సందులో తోశాడు. ఏదో తగిలింది. లాగాడు. మడతలు పెట్టిన రాగిరేకు ఒకటి, ఎర్రదారం చుట్టి, సింధూరంతో ఎర్రబడి, బయటికొచ్చింది.

"ఛీ, చెత్త," అని దాన్ని పారేసి, మళ్ళీ పిన్ను కోసం వంగాడు.

అంతయ్య దాన్ని ఏరుకుని అరచేతిలో పెట్టుకున్నాడు. వేలితో దాని మందం చూశాడు.

"యాదక్కా, దొరికిందే. గొట్టం కింద ఖాళీ ఉండాలె. గుండు పేలినప్పుడల్లా గొట్టం అదురుతది, వేడెక్కుతది. గీ రేకు అడ్డముండి ఒకపారి ఇటు, ఒకపారి అటు నూకుతుంది. గిది కర్మన్‌ఘాట్ గుడికాడ కట్టే రక్షరేకు."

కట్టె విప్పి, పిన్ను తీసి, మళ్ళీ అన్నీ బిగించారు. ఆమె చాప మీద బోర్లా పడుకుంది. ఐదు గుళ్ళు కాల్చింది. అంతయ్య తెచ్చిన అట్ట మీద ఐదు చిల్లులు ఒకదాన్నొకటి కొరుక్కుని ఒకే చిల్లులా ఉన్నాయి. యాదలక్ష్మి అట్టను కాసేపే చూసింది. తర్వాత తన కుడిచేతిని ముందుకు చాపి, తిప్పి తిప్పి చూసుకుంది. కళ్ళ నిండా నీళ్ళు వచ్చాయి. శ్రీరామమూర్తి అటు తిరిగి తన స్కోపు తుడుచుకోసాగాడు.

సాయంత్రం ఇంటికొచ్చి రేకును తల్లి ముందు పెట్టింది.

"ఏందే అమ్మా ఇది?"

అండాలమ్మ కొంగుతో మూతి తుడుచుకుంది. "పోటీలున్నయంటివి. మీ నాయన చెయ్యి ఎట్ల వణికిందో చూసిన గదా. నీకు రావొద్దని మొక్కి తెచ్చిన. నీకు కడితే తెంపుతవని గన్నుకే పెట్టిన."

ఇద్దరూ ఒకే భయాన్ని ఒకరికి తెలియకుండా ఒకరు పదిహేను రోజులు మోశారన్నమాట. యాదలక్ష్మికి తిట్టాలనిపించింది, నవ్వొచ్చింది. తల్లి పక్కన కూర్చుని చేయి చాపింది.

"గన్నుకొద్దు. నాకే కట్టు. తెంప."

ఆదివారం పోటీలో ఆమె ఒక్క పాయింటు తేడాతో రెండో స్థానంలో వచ్చింది. మొదటి స్థానం శ్రీరామమూర్తిది. కప్పు పట్టుకుని ఫొటో దిగుతూ ఆయన చేతులు గడగడ వణికాయి, సంతోషంతో. అది చూసి యాదలక్ష్మి అందరికంటే గట్టిగా చప్పట్లు కొట్టింది.

త్రినాథరావు ఆమె చెవిలో అన్నాడు:

"లాభం ఎవరికి వచ్చిందో గమనించావా? ఆ ఆనపకాయ సంగతి నేనింకా నమ్మలేదు."